కరపత్రంలోని తల్లి

శనివారం పొద్దున ఆల్వీన వంటగదిలోకి వచ్చేసరికి భర్త ఎడ్మండ్ పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుని ఉన్నాడు. పొయ్యి వెలిగించలేదు. ఊరికే దాన్నే చూస్తున్నాడు.

"వెలగని పొయ్యికి కాపలా ఎందుకు?" అంది ఆల్వీన.

"దుంపలు ఐదే ఉన్నాయి. ఇప్పుడు ఉడకేస్తే సాయంత్రం హెర్టా వచ్చాక ఏం పెడతాం అని చూస్తున్నా."

"చూస్తే ఆరవుతాయా?"

ఎడ్మండ్ నవ్వలేదు. మే నెల నుంచి ఆయన నవ్వడమే మానేశాడు. అది కూడా ఆల్వీనకు అనుమానంగానే ఉంది. లోపల ఏదో జబ్బు ఉండి తనకు చెప్పడం లేదేమో. పక్క ఊళ్లో పని పోయిన మనిషి ఒకడు ఉరేసుకున్నాడని విన్న రోజే ఆమె కట్టెల కొట్టంలో ఉన్న తాడు తెచ్చి తన పరుపు కింద దాచుకుంది. ఆయన తాడు గురించి ఒక్కసారీ అడగలేదు. అడగకపోవడం ఇంకా భయంగా ఉంది.

జూలై అంటే బొమ్మల ఊరు హామర్‌గ్రుండ్‌లో మనిషికి ఊపిరాడని నెల. క్రిస్మస్ బొమ్మలు సముద్రం దాటాలంటే ఆగస్టు కల్లా పెట్టెల్లో పడాలి. పోయిన జూలైలు గుర్తొస్తే ఆల్వీనకు దుఃఖం వచ్చేది. ప్రతి ఇంటి వంటబల్ల మీదా తలలూ చేతులూ కాళ్లే. ముసలివాళ్లు కాగితపు గుజ్జు పిసికితే, ఆడవాళ్లు రంగులు వేస్తే, పిల్లలు బొమ్మల కడుపులో రంపపు పొట్టు కూరేవాళ్లు. అమెరికా వాళ్లు కొనడం మానేసి ఇది మూడో ఏడు. ఎడ్మండ్ ముప్పై ఏళ్లు తలలు అచ్చుపోసిన కార్ఖానాకి తాళం పడి ఏడాదిన్నర అయింది. పందొమ్మిది వందల ముప్పై రెండు జూలైలో ఆ వీధి మొత్తానికి వినిపిస్తున్న చప్పుడు ఎదురింటి సెల్మా చాప దులుపుకునే చప్పుడొక్కటే.

ఆల్వీన తెర కొంచెం పక్కకు జరిపి చూసింది. సెల్మా ఇటువైపే చూస్తోంది.

"మన చిమ్నీలోంచి పొగ వస్తోందా లేదా అని చూస్తోంది. నాకు తెలీదా!"

"ఆవిడ చాప చూసుకుంటోంది, ఆల్వీనా."

"నువ్వు అందర్నీ అలాగే నమ్ము. అలా నమ్మబట్టే మనకీ గతి పట్టింది."

ఎడ్మండ్ కత్తి తీసుకుని, ఐదు దుంపల్లో రెండింటిని తొక్క గాలికి ఎగిరిపోయేంత పల్చగా చెక్కడం మొదలుపెట్టాడు.

ఆ గతి మే నెలలో పట్టింది. అప్పటిదాకా ఎడ్మండ్‌కి మునిసిపల్ ఆఫీసు నుంచి వారం వారం పేదల సాయం వచ్చేది. ఇంట్లో ఎవరైనా పని చేస్తే ఆ మేరకు కోసేస్తారు. అందుకే బొమ్మల వ్యాపారి గుట్‌మన్ గారి దగ్గర పెట్టెలు కట్టే పనిచేస్తున్న కూతురు హెర్టా, వారానికి రెండు డజన్ల తలలు సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చేది. ఆల్వీన వాటికి కళ్లు, కనుబొమలు దిద్దేది. ఎక్కడా కాగితం మీదకు ఎక్కకూడదని గుట్‌మన్ గారు డబ్బులు కాకుండా పిండీ, పంది కొవ్వూ ఇచ్చి పంపేవారు. మే మొదటి వారంలో ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఇంట్లో పని జరుగుతోంది, సరుకులు అందుతున్నాయి, సాయం ఆపేస్తున్నాం అని.

ఎవరు చెప్పారు? ఆ రాత్రి నుంచి ఆల్వీనకు నిద్ర లేదు. మొదట సెల్మా అనుకుంది. తర్వాత రొట్టెల కొట్టువాడు. తర్వాత పోస్టుమాన్, ఉత్తరం ఇస్తూ ఎందుకో తల దించుకున్నాడు కాబట్టి. కానీ పిండి సంగతి వాళ్లలో ఎవరికీ తెలీదు. తెలిసింది నలుగురికే. ముగ్గురు ఈ ఇంట్లోవాళ్లు, నాలుగోవాడు గుట్‌మన్. జూన్ నుంచి గుట్‌మన్ పంపే పిండి సంచి ఉన్నట్టుండి పెద్దదైంది. అది చూశాక ఆమెకు ఇంక సందేహమే లేకపోయింది. తప్పు చేసినవాడు కాకపోతే అడగకుండా ఎక్కువ ఎందుకిస్తాడు?

ఆ పిండితోనే రొట్టె చేసుకుని, తింటూ తిట్టుకునేది.

"పిన్నీ, ఉన్నావా? మీ కుక్కని కట్టేసుకో, లోపలికొస్తున్నా!"

గుమ్మంలో ఆర్నో. ఒక చేతిలో మూత పెట్టిన బకెట్టు, చంకలో కాగితాల కట్ట.

"మాకు కుక్క ఎక్కడిదిరా?"

"ఎడ్మండ్ బాబాయి ఉన్నాడుగా. నన్ను చూస్తే చాలు గుర్రుమంటాడు."

ఎడ్మండ్ చెక్కిన దుంపలు గిన్నెలో వేసి, పెరటి తలుపు తీసుకుని కట్టెల కొట్టంలోకి వెళ్లిపోయాడు.

ఆర్నో పక్క వీధి వాడే. తల్లి క్షయ ఆసుపత్రిలో ఉన్న ఏడాది ఈ బల్ల దగ్గరే తిన్నాడు. కార్ఖానాలో అందరికన్నా ముందు పని పోయింది వాడికే. నాలుగేళ్లు బూట్ల అడుగున అట్టముక్కలు పెట్టుకుని తిరిగాడు. పెళ్లి చేసుకుందామనుకున్న పిల్ల వేరేవాణ్ని చేసుకుంది. ఇప్పుడు వాడి కాళ్లకు మోకాళ్ల దాకా తోలు బూట్లు, ఒంటిమీద పార్టీవాళ్ల గోధుమరంగు చొక్కా. ఆ చొక్కా తొడిగాక వీపు కూడా నిటారైంది. ఆల్వీనకు వాణ్ని చూస్తే సంతోషమూ కలిగేది, వీధిలో ఎదుటి పార్టీవాళ్లెవరైనా కత్తితో పొడుస్తారేమోనని భయమూ వేసేది.

"బఠాణీ సూప్. మాంసం ముక్కలు అడుగున ఉన్నాయి, గరిటె కిందికి పెట్టి తియ్యి. మా పార్టీ వంటశాల్లో నీకోసం ప్రత్యేకంగా తోడించా."

"ఎందుకురా ఇవన్నీ. నేను పార్టీ మనిషిని కాదు కదా."

"పార్టీ మనిషివని ఎవరన్నారు? ఆకలిగా ఉన్న మనిషివి. మిగతావాళ్లంతా నిన్ను ఫారాలు నింపమన్నారు. మేం బకెట్టు తెచ్చాం. అంతే తేడా." వాడు కట్టలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచాడు. "ఇది చదువు."

పైన లావుపాటి అక్షరాలతో 'ఒక తల్లి కన్నీరు' అని ఉంది. ఆల్వీన వేలు పెట్టి చదువుకుంది. ముప్పై ఏళ్లు బొమ్మలకు కళ్లు దిద్దిన ఒక తల్లి. ఆమె నోటి దగ్గర కూడు లాక్కున్నది ఎవరు? యూదు వ్యాపారి గుట్‌మన్. ఆకలేసిన చెయ్యి చౌకగా పనిచేస్తుందని లెక్క వేసుకుని, అతనే ఆఫీసుకి చాడీ చెప్పాడు. ఇలాంటి తల్లులు ఈ కొండల్లో ఇంకెందరో. ఆదివారం ఓటుతో జవాబు చెప్పండి.

ఆమె మొహం వేడెక్కింది. "నా పేరు లేదు కదా?"

"లేదు. నిన్ను ఇబ్బంది పెడతానా?"

మళ్లీ మొదటినుంచి చదివింది. ఒక తల్లి. ఆఫీసులో మూడు గంటలు నిలబెట్టి కిటికీ మూసేసినవాళ్లు, ఫాదర్ గారు, కార్మిక సంఘంవాళ్లు, ఎవరూ ఆమె మాట చివరిదాకా వినలేదు. ఇప్పుడు ఆ మాటలే అచ్చులో ఉన్నాయి. ఛాతీలో ఎక్కడో వెచ్చగా అనిపించింది. అలా అనిపించినందుకు కొంచెం భయం కూడా వేసింది.

"ఆర్నో, నేను 'ఏమో' అన్నాను కదరా. గుట్‌మన్ అయ్యుంటాడేమో అన్నాను. ఆ చౌక సంగతి అన్నది నువ్వు."

"ఏమో అని అచ్చేస్తే ఎవరు చదువుతారు పిన్నీ?" వాడు నవ్వి గొంతు తగ్గించాడు. "విను. సాయంత్రం ఆరింటికి చౌరస్తాలో పెద్ద సభ. నువ్వు వేదికెక్కి రెండే రెండు ముక్కలు చెప్పాలి. ఆ తల్లిని నేనే, ఆ పని చేసింది గుట్‌మనే. అంతే, దిగిపోవచ్చు."

"నేనా! పదిమంది ముందు నా పేరు చెప్పమంటేనే నాకు నోరు ఎండిపోతుంది."

"ఈ బల్ల దగ్గర చెప్పినట్టే చెప్పు. రేపు మేమే గెలుస్తాం, అది తేలిపోయింది. మునిసిపల్ కలప డిపోకి కాపలా మనిషి కావాలి. మా పార్టీ పెద్దాయన దగ్గర బాబాయి పేరు చెప్పి ఉంచా. జీతం, చలికాలానికి కట్టెలు. నీ రెండు ముక్కల కోసం ఆగి ఉంది."

ఆర్నో వెళ్లాక ఆల్వీన బకెట్టు మూత తీసి చాలాసేపు ఆవిరి పీల్చింది. తర్వాత పెరట్లోకి పరుగెత్తింది.

"ఎడ్మండ్! నీకు పని! కలప డిపోలో!"

సంగతి విని ఎడ్మండ్ గొడ్డలి కింద పెట్టాడు. అంతకు ముందు కూడా దాంతో ఏం చేస్తున్నట్టూ లేదు. "వెళ్లకు" అన్నాడు.

"ఏడాదిన్నర నుంచి పని లేదు. కాళ్ల దగ్గరికి పని వస్తే వెళ్లకు అంటావా? ఎందుకని?"

"గుంపు ఎక్కువగా ఉంటుంది. తొక్కేస్తారు."

"వేదిక మీద ఎవరు తొక్కుతారయ్యా?"

ఆల్వీన ఆయన మొహంలోకి తేరిపార చూసింది. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఈ మనిషి తన దగ్గర ఏదైనా దాచాడంటే అది పుట్టినరోజు కానుకే. ఇప్పుడు మాత్రం చూపు కట్టెల వైపు తిప్పుకుంటున్నాడు. తప్పకుండా జబ్బే, అనుకుంది. ఊపిరితిత్తులు. డిపో పని చెయ్యలేనని తెలిసే వద్దంటున్నాడు.

ఆమె ఇంట్లోకొచ్చి నల్ల జాకెట్టు పెట్టెలోంచి తీసి, పొయ్యి వెలిగించి ఇస్త్రీపెట్టెలో నిప్పులు వేసింది. జాకెట్టు మీద ఇస్త్రీ తోస్తూ తనలో తాను చెప్పుకుంది. ఆ తల్లిని నేనే. ఆ పని చేసింది గుట్‌మనే. రెండో ముక్క మొదటిదానికన్నా సులువుగా వచ్చింది.

పదకొండున్నరకు వీధి తలుపు తెరుచుకుంది. హెర్టా. శనివారం అయిదింటికి గానీ రానిది ఇప్పుడొచ్చింది. జుట్టు విడిపోయి మొహం మీద పడింది.

"ఏమైందే? దెబ్బ తగిలిందా? ఎవరైనా ఏమన్నారా? చెయ్యి చూపించు!"

"చెయ్యి బాగానే ఉంది. పనే లేదు." హెర్టా పనిచేసే ఏప్రన్ విప్పి కుర్చీ మీద విసిరింది. "గుట్‌మన్ గారు మూసేశారు. సోమవారం నుంచీ పార్టీవాళ్లు గేటు దగ్గర మనుషుల్ని నిలబెట్టి, లోపలికెళ్లినవాళ్ల పేర్లు రాస్తున్నారు. ఒక్క ఇంటినుంచీ సరుకు రాలేదు. పెట్టెలు స్టేషనుకి తోలే బండివాడు కూడా రానన్నాడు. ఇవాళ మా పదిమందికీ ఇంక పని లేదని చీటీలు ఇచ్చి ఇంటికి పొమ్మన్నారు."

"వాడికి ఆ శాస్తి కావాల్సిందే. మనకి చేసినదానికి..."

"ఏం చేశాడు మనకి?" హెర్టా జేబులోంచి మడతలు పడ్డ కాగితం తీసింది. అదే కరపత్రం. "ఇది గేటుకి అంటించారు. చదవగానే నాకు అనుమానం వచ్చింది. ఈ ఊళ్లో బొమ్మలకు కళ్లు దిద్దే ఆడవాళ్లు నలభై మంది ఉన్నారు. పిండి తీసుకునేది ఒక్కరే. అమ్మా, ఈ తల్లివి నువ్వేనా?"

"నేనయితే ఏం? ఉన్నమాటే కదా."

"ఎవరు చూశారు? నువ్వు విన్నావా? ఆయన నీ ముందు ఆఫీసుకి కబురు చేశాడా?"

"వాడు కాకపోతే ఎవరు? మనం ముగ్గురం, వాడు. ఇంకెవరికీ తెలీదు. తప్పు చేశాడు కాబట్టే సంచి పెద్దది చేశాడు!"

"నేనడిగితే చేశాడమ్మా!" హెర్టా అరిచింది. "సాయం ఆగిపోయిందని మే చివర నేనే చెప్పా. మర్నాటి నుంచి ఆయనే పెద్ద సంచి కట్టి ఇచ్చారు. ఆయన నా దగ్గర నీ గురించి అన్నది ఒక్కటే మాట. మీ అమ్మ దిద్దిన బొమ్మలన్నీ ఈ మధ్య పక్కకి చూస్తున్నాయి, దొంగ ఎవరా అని వెతుకుతున్నట్టు, అయినా అలాంటివి కూడా పిల్లలకి నచ్చుతాయిలే అని నవ్వారు. ఒక్క తల వెనక్కి పంపలేదు."

ఆల్వీన ఇస్త్రీపెట్టె గట్టుమీద పెట్టింది. "ఆయన చెప్పకపోతే ఇంక నువ్వే చెప్పావా?"

ఆ మాట నోట్లోంచి వచ్చేసింది.

"నేనా?" అంది హెర్టా. "ఇప్పుడు నా వంతా? ఎవరూ మిగల్లేదు కదూ నీకు."

"నేను" అన్నాడు ఎడ్మండ్.

పెరటి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు, ఆఫీసు కిటికీ ముందు నిలబడ్డట్టు.

"చెప్పింది నేను. ఏప్రిల్ చివర కొత్త ఫారం ఇచ్చారు. ఇంట్లో ఎవరికైనా ఏ రూపంలోనైనా సంపాదన ఉందా అని. ఆ గుమాస్తా పైకి చదివి వినిపించాడు. అబద్ధం రాసి సంతకం పెడితే జైలు అని. నేను రాశా. భార్య కళ్లు దిద్దుతుంది, పిండి ఇస్తారు అని రాసి సంతకం పెట్టా."

ఆల్వీనకు ఆ మాటలు ఒక్కొక్కటీ వినిపించాయి కానీ ఒకదాని పక్కన ఒకటి చేరడానికి టైం పట్టింది.

"రాశావా? నీ చేత్తో? ఎందుకు?"

"ముందురోజు రాత్రి నువ్వే కదా అన్నావు. నన్ను జైల్లో పెడతారని, నువ్వు చలికి చస్తావని, హెర్టా వీధిన పడుతుందని. తెల్లవార్లూ అన్నావు. నాకు భయమేసింది, ఆల్వీనా. కిటికీ దగ్గర నీ మాటలే చెవిలో ఉన్నాయి. రాస్తే కొంచెం కోస్తారనుకున్నా. మొత్తం ఆపేస్తారనుకోలేదు."

"మరి ఉత్తరం వచ్చినప్పుడు నోరెందుకు విప్పలేదు? మూడు నెలలు!"

"విప్పబోయా." ఎడ్మండ్ టోపీ అంచు తిప్పుతూ అన్నాడు. "నేను నోరు తెరిచేలోపే నువ్వు సెల్మా అన్నావు. తర్వాత గుట్‌మన్ అన్నావు. ఆర్నో వచ్చి అవును అన్నాడు. నువ్వు అంత గట్టిగా అంటుంటే... నాకు తేలికైంది. అబద్ధం చెప్పలేదు నేను. ఊరికే కూర్చున్నా. కూర్చుంటే సరిపోతుందనుకున్నా."

జాకెట్టు చేతి మీద ఇస్త్రీపెట్టెలోంచి నిప్పురవ్వ పడి చిన్న చిల్లు కాలింది. ఆల్వీన దాన్ని వేలితో అదిమి ఆర్పింది. వేలు కాలినా తెలియలేదు.

తిట్టాలని నోరు తెరిచింది. ఈ మూడు నెలలుగా తిట్లన్నీ తయారుగా ఉన్నాయి, ఎవరు దొరికితే వాళ్లమీద పోయడానికి. ఆ మనిషి ఇప్పుడు దొరికాడు. నెరిసిన జుట్టు, ముడుచుకుపోయిన భుజాలు. ఈ మనిషి ప్రాణం తీసుకుంటాడేమోనని తాడు దాచింది తను. తన భయమే ఆయన చేత సంతకం పెట్టించింది. తన అనుమానమే ఆయన నోరు నొక్కింది. ఆ రెండూ కలిపి ఆర్నో అచ్చువేయించుకున్నాడు.

ఆమె కుర్చీలో కూలబడి, కొంగులా ఏప్రన్ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఎడ్మండ్ దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేయాలా వద్దా తెలియక గాల్లోనే ఉంచాడు. హెర్టా కిటికీ వైపు తిరిగి నిలబడింది, ఇటు చూడలేదు. బకెట్టులో సూప్ చల్లారి మీద కొవ్వు పేరుకుంది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. మధ్యాహ్నం రెండు దుంపలూ ముగ్గురూ పంచుకున్నారు.

అయిదింటికి ఆర్నో వచ్చాడు. బూట్లు మెరిసేలా తుడుచుకున్నాడు.

"అదేంటి, ఇంకా తయారవలేదా? కన్నీళ్లు ఇప్పుడే అయిపోగొట్టుకుంటే వేదిక మీద ఏం చేస్తావు పిన్నీ?"

"ఆర్నో, అది అబద్ధంరా. గుట్‌మన్ ఏం చెయ్యలేదు. మీ బాబాయే ఫారంలో రాశాడు. నాకు ఇవాళే తెలిసింది. ఆ కాగితాలు వెనక్కి తీసుకో."

ఆమె అనుకుంది, వాడు తెల్లబోతాడని, అయ్యో అంటాడని. ఆర్నో ఎడ్మండ్ వైపు చూశాడు, నవ్వాడు. కోపంగా కూడా కాదు, తెలివితక్కువ పని చేసిన పెద్దవాళ్లను చూసి నవ్వినట్టు.

"బాబాయ్, భలేవాడివి. సరే, అయితే అయింది. ఆరువేల కాగితాలు పంచాం పిన్నీ. ఆరువేల ఇళ్లలో ఏడ్చారు. ఇప్పుడు అది గుట్‌మనా, బాబాయా అని ఎవరికి కావాలి?"

"నాకు కావాలి. అబద్ధం కదరా!"

"నీ ఆకలి అబద్ధమా? నా నాలుగేళ్లు అబద్ధమా? జనానికి కావాల్సింది ఎవడో ఒకడి పేరు. కార్ఖానా ఎందుకు మూతపడిందో, అమెరికాలో ఎవడు ఏం చేశాడో నాకు అర్థం కాదు, నీకూ అర్థం కాదు. గుట్‌మన్ అంటే అందరికీ అర్థమవుతుంది." వాడు గోడకున్న జాకెట్టు తీసి ఆమె ముందు పట్టాడు. "తొడుక్కో. బాబాయికి పని కావాలి కదా?"

ఆల్వీన జాకెట్టు వైపు చూసింది. ఆ క్షణంలో అన్ని భయాలూ ఒక్కసారే కళ్లముందు తిరిగాయి. కిటికీ అద్దాలు పగులుతాయి. హెర్టాని వీధిలో ఆపుతారు. చలికాలం కట్టెలుండవు. అన్నీ జరగొచ్చు. ఎప్పుడూ ఏదో జరుగుతుందని భయపడి తను చేసిందంతా చేశాక ఇదిగో, ఇది జరిగింది.

"రాను" అంది. "బకెట్టు తీసుకెళ్లు. సూప్ తాగలేదు."

ఆర్నో మొహంలో నవ్వు పోయింది. కొంచెంసేపు ఈ బల్ల దగ్గర తిన్న పిల్లాడిలాగే కనిపించాడు. తర్వాత జాకెట్టు కుర్చీ మీద పడేశాడు.

"ఎవరు మన పక్కన ఉన్నారో, ఎవరు లేరో సోమవారం నుంచి చూస్తారు పిన్నీ. నీ తరఫున నేను ఒక్కసారే మాట్లాడగలను." బకెట్టు తీసుకుని వెళ్లిపోయాడు. బూట్ల చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది.

ఆల్వీన చిల్లుపడ్డ జాకెట్టే తొడుక్కుంది.

"ఎక్కడికి?" అన్నాడు ఎడ్మండ్.

"గుట్‌మన్ దగ్గరికి."

"పేర్లు రాస్తారు."

"రాస్తారు. నువ్వొస్తావా, ఇక్కడ కూర్చుంటావా?"

ఎడ్మండ్ టోపీ పెట్టుకున్నాడు. హెర్టా నాలుగు అడుగుల వెనక నడిచింది. సభకు వెళ్లేవాళ్లంతా చౌరస్తా వైపు పోతున్నారు, వీళ్లు ముగ్గురూ ఎదురు నడుస్తున్నారు. డప్పులు మోగుతున్నాయి.

గేటు దగ్గర నోటుపుస్తకం పట్టుకుని నిలబడ్డది గుస్తావ్. ఎడ్మండ్ పక్కన పదిహేనేళ్లు తలలు అచ్చుపోసిన మనిషి, నలుగురు పిల్లల తండ్రి. వీళ్లను చూసి పెన్సిలు వెనక దాచాడు.

"ఆల్వీనక్కా, ఎడ్మండన్నా, వెళ్లిపోండి. నేను చూడలేదు."

"లోపలికెళ్లాలి గుస్తావ్."

"నాకు ఇష్టమయ్యి నిలబడ్డాననుకున్నారా? పిల్లలకి రెండు పూటలా సూప్ పోస్తున్నారు." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "త్వరగా వచ్చేయండి."

గోదాములో గుట్‌మన్ గారు కోటు విప్పి తనే పెట్టెకు మేకులు కొడుతున్నారు. ఆల్వీన నిలబడి చెప్పింది. 'ఏమో' దగ్గర మొదలుపెట్టి, ఫారం దాకా, వరసగా, ఏదీ తగ్గించకుండా. ఎడ్మండ్ తన ముక్క తను చెప్పాడు. గుట్‌మన్ గారు సుత్తి చేతిలోనే ఉంచుకుని చివరిదాకా విన్నారు.

"అందరి మొహాలూ తలుచుకున్నాను" అన్నారు నెమ్మదిగా. "ఈ ఊళ్లో నేను ఎవరికి అన్యాయం చేశానా అని. వారం రోజులు నిద్రపోలేదు. మీ పేరు తట్టలేదమ్మా."

"క్షమించండి అయ్యా."

"క్షమించానంటే మీరు నిద్రపోతారు. నేను రేపు పొద్దున రైలుకి ఫ్యూర్త్‌లో మా చెల్లెలి దగ్గరికి పోతున్నాను. అక్కడికి వెళ్లాక, మంచి నిద్ర పట్టిన రోజున, ఆలోచిస్తాను." మేకు ఒకటి తీసి పెట్టె మీద నిలబెట్టారు. తర్వాత తల ఎత్తకుండానే అన్నారు. "వచ్చారు. పనివాళ్లు కాక, ఈ వారం ఆ గేటు దాటి వచ్చిన మొదటివాళ్లు మీరే. అది గుర్తుంటుంది."

బయటికొచ్చేసరికి చౌరస్తాలో లౌడ్‌స్పీకర్ మొదలైంది. ఎవరో ఒక తల్లి కన్నీటి గురించి చెబుతున్నారు. ఆ తల్లి రాకపోయినా సభ ఆగలేదు. జనం చప్పట్లు ఇక్కడిదాకా వినిపిస్తున్నాయి. గుస్తావ్ గేటు తీసి, పొమ్మని సైగ చేశాడు.

ఆల్వీన కదల్లేదు. "పేరు రాయి."

"అక్కా, పోండి, నేను..."

"నా మాట అచ్చులో ఉంది, నా పేరు లేదు. అది తప్పు. రాయి. ఆల్వీన డోర్స్ట్."

గుస్తావ్ పెన్సిలు తడి చేసుకుని రాశాడు. ఎడ్మండ్ పక్కకొచ్చి నిలబడి, "కింద నాది" అన్నాడు. గుస్తావ్ అదీ రాశాడు. తర్వాత ఇబ్బందిగా తల గోక్కున్నాడు.

"ఏ పని మీద వెళ్లారో కూడా రాయాలి. గడి ఉంది."

"అబద్ధం చెప్పాను, వెనక్కి తీసుకోవడానికి వెళ్లానని రాయి."

"అంత చోటు లేదక్కా ఇందులో."

"రెండు గళ్లలో రాయి. ఆయన గడి కూడా వాడుకో. ఆయన పనీ అదే."

గుస్తావ్ వంగి, చిన్న చిన్న అక్షరాలతో రాయడం మొదలుపెట్టాడు. పెన్సిలు మొన విరిగింది, చాకుతో చెక్కుకున్నాడు. ఆల్వీన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. మధ్యాహ్నం నుంచి తల్లితో ఒక్క మాట మాట్లాడని హెర్టా నాలుగు అడుగులూ ముందుకొచ్చి, తల్లి మోచెయ్యి కింద తన చెయ్యి దూర్చి గట్టిగా పట్టుకుంది.

"మూడో పేరు కూడా ఉంది గుస్తావ్ బాబాయ్" అంది. "రాసుకో."